మారెప్ప బండి ఖాళీగా పోదు

పిక్కిలి ఊరి మారెప్పకు ఈ లోకంలో సహించరానిది ఒక్కటే, ఖాళీగా పోయే బండి. పాము ఎదురైతే పక్కకు తప్పుకుని తన దారిన తాను పోయేవాడు గాని, ట్రాక్టరు వెనక ట్రైలర్ ఖాళీగా కడకడలాడుతూ వస్తే మాత్రం ఆయనకు ఆ పూట ముద్ద దిగేది కాదు. ఖాళీ బండి అరిష్టమని వాళ్ళ తాత చెప్పాడట. తాతకు ఎవరు చెప్పారని అడిగితే, "మా తాత తానుగా ఒక మాట కూడా చెప్పేవాడు కాదప్పా. పెద్దోళ్ళు చెప్పిందే చెప్పేవాడు" అనేవాడు. ఊరికి కొత్తగా వచ్చిన ప్రతివాడూ ఇదే అడిగేవాడు, ఇదే జవాబు తిని ఊరుకునేవాడు.

ధర్మపురిలో వేరుశనగ మూటలు దింపేశాక, తిరుగు దారిలో ఆయన పడే అవస్థ చూడాలి. కట్టడం పని ముగించుకుని నడిచిపోయే కూలీలు కనబడితే చాలు, బ్రేకు తొక్కి వాళ్ళ మీద పడేవాడు.

"ఏమప్పా, మీకు మనసనేది ఉండాదా? మీరిట్ల నడిచిపోతే నా బండి గతేం కావాల? ఖాళీగా పోతాండాది, కండ్లు కనపడలే?"

"మా దగ్గిర కాసు లేదన్నా."

"కాసు ఎవురడిగినారు? బరువడిగినాను. ఎక్కండి! తట్టలు, పారలు అన్నీ ఎక్కించండి. ఇంకా చోటుండాది!"

పొద్దంతా ఇటుకలు మోసిన ఆ మనుషులు ఏదో నేరం చేసినట్టు తలలు వంచుకుని ట్రైలర్ ఎక్కేవాళ్ళు.

మొగుడు పోయిన చిన్నపొన్ను రాగుల మూట నెత్తిన పెట్టుకుని మిల్లుకు పోతుంటే, ఆమె వెంటపడి మరీ తిట్టేవాడు. ఆ మూట ట్రైలర్‌లో వేయకపోతే బండి ఎగిరెగిరి పడుతోందనీ, తన నడుము విరిగితే ఆమెదే బాధ్యతనీ అనేవాడు. నడుము పాపం తనకెందుకని చిన్నపొన్ను మూట వేసేది. ఒకసారయితే ధర్మపురి దారిలో, పెన్నాగరం వైపు నడిచిపోతున్న ముసలాయన్ని పట్టుకుని, బలవంతంగా ఎక్కించి, ఎదురు దిక్కున ఉన్న ధర్మపురికి తీసుకుపోయాడు. అక్కడ ఇడ్లీ తినిపించి, వచ్చేటప్పుడు మళ్ళీ ఎక్కించుకుని పెన్నాగరంలో దింపాడు. "మంచి మనిషి, రెండు దారులకూ పనికొచ్చినాడు" అని ఆ ముసలాయన్ని పది మంది దగ్గర మెచ్చుకున్నాడు కూడా.

ఈ కథలన్నీ, తర్వాత పని మీద ఆ ఊరికి వచ్చిన మెకానిక్కు సదాశివానికి మారెప్ప భార్య మునివెంకటమ్మ అరుగు మీద కూర్చోబెట్టి చెప్పింది. తన కథ మాత్రం ఆఖరుకు దాచింది.

"నా పెండ్లప్పుడు ఎద్దులబండి. నన్నెక్కించినాక బండి చూసి, సగం ఖాళీగా ఉండాదే అన్నాడు. దారిలో ఎవురో ఎరువు ఇస్తామంటే వేయించినాడు. పెండ్లికూతురు నాయనా నేను! ఈ ఊర్లోకి ఎరువు గంప పక్కన కూర్చుని వచ్చినాను."

"ఎరువు బాగుండె గదా మే. ఆ యేడు పంట చూడలే?" అన్నాడు లోపలినుంచి మారెప్ప.

సదాశివం హోసూరు పక్కవాడు. ఇంట్లో తెలుగే. బెంగుళూరు దగ్గర ఒక చిన్న ఫ్లయింగ్ క్లబ్బులో మెకానిక్కు. ఆయన పిక్కిలికి రావడానికి కారణం ఆకాశంలోనుంచి పడింది. ఎనభైల నడుమ ఒక తై నెలలో, సంక్రాంతి పండగ కొత్తలో, క్లబ్బుకున్న ఒకే ఒక్క విమానం ఇంజను ఆగిపోయి, వేరుశనగ పీకేసిన మారెప్ప చేనులో దిగిపోయింది. చిన్న విమానం, రెండు సీట్లది. ఇనుప చట్రం మీద గుడ్డ తొడిగి, రంగు పూసి బిగించినది. నడిపిన కుర్రాడికి గీత కూడా పడలేదు. మజ్జిగ తాగి, బస్సెక్కి పోయాడు. విమానానికి మాత్రం ఒక చక్రం కాలు వంగింది. సదాశివం దాన్ని సరిచేసినా, అక్కడినుంచి మళ్ళీ ఎగరడానికి చేను పొడవు చాలదు. విప్పి తీసుకుపోవడానికి లారీ బాడుగ క్లబ్బు దగ్గర కూడేదాకా అది ఊర్లోనే ఉండాలి.

సదాశివం వచ్చేసరికి మారెప్ప విమానం చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నాడు. ఇది ఎక్కడిది, ఎందుకు పడింది అనేదేమీ అడగలేదు.

"సామీ, దీంట్లో ఎన్ని సీట్లు?"

"రెండు."

"ఎందరొచ్చినారు?"

"ఒక్కరే."

"ఒక సీటు ఖాళీగానే వచ్చినాడా?"

"ఆమా, ఖాళీగానే."

"అందుకే పడింది" అని తేల్చేశాడు మారెప్ప. ఇంజనులో చేరిన చెత్త గురించి సదాశివం ఎంత వివరించినా ఆ తీర్పు మారలేదు. చివరికి ఆయన కూడా ఎవరు చెప్పారని అడిగి, తాత జవాబు తిన్నాడు.

సదాశివానికి నవ్వే ఓపిక లేదు. క్లబ్బు సెక్రటరీ పంపేటప్పుడే చెప్పాడు: గుడ్డ ఒక్క చోట చిరిగినా మళ్ళీ వేయించే శక్తి క్లబ్బుకు లేదు, మూసేస్తాం, నీ దారి నువ్వు చూసుకో అని. ఆ వయసులో చూసుకోవడానికి సదాశివానికి వేరే దారేదీ లేదు. ఊరంతా వచ్చి విమానాన్ని తడిమి చూస్తుంటే ఆయన తన ఒళ్ళే గిల్లుతున్నట్టు ఉలిక్కిపడేవాడు.

మారెప్ప తన చింతపండు కొట్టం ఇచ్చాడు. కాయలు దిగేదాకా అది ఖాళీయేనట, ఆయన బాధ ఆయనది. రెక్కలు విప్పి, గడ్డి పరచి, గోడవార నిలబెట్టారు. పడుకోబెడితే ఎవరో ఒకరు తొక్కుతారు. ముక్కునుంచి తోకదాకా ఉన్న ఒళ్ళు నడుమ నిలిచింది. వారానికొకసారి సదాశివం వచ్చి చూసిపోయేవాడు. వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త శత్రువు. ఆ రంగు రుచి ఆవులకు ఎంత ఇష్టమో పిక్కిలిలోనే తెలిసింది. మారెప్ప ఎర్రావు తలుపు సందులోనుంచి నాలుక చాచి రెక్క అంచును తన్మయంగా నాకుతూ దొరికింది. గాలి వేగం చూపే సన్నని గొట్టంలో కందిరీగ మట్టితో గూడు కట్టబోయింది. గొట్టానికి గుడ్డ చుట్టి ఇటు తిరిగితే, విమానంలో రెండో సీటులో ఒక పెట్ట గుడ్ల మీద కూర్చుని ఉంది.

"అన్నా! ఇదేంది?"

"ఖాళీగా ఉండె సామీ."

"తీసేయన్నా!"

"పొదుగుతాండాది. ఇప్పుడు లేపితే పాపం. పిల్లలు దిగినాక అదే పోతాది." పిల్లలు దిగేదాకా సదాశివం ఆ సీటు వైపు చూడకుండా పని చేసుకున్నాడు.

తై పోయి మాసి నెల వచ్చాక ఎవరూ అనుకోని వాన కొట్టింది. ఆ రోజు సదాశివం అక్కడే ఉన్నాడు. కొట్టం పెంకుల్లోనుంచి ధార విమానం మీద పడుతుంటే చొక్కా విప్పి కప్పబోయాడు. ఈలోగా మారెప్ప పరుగున పోయి, కళ్ళంలో తన రాగి కుప్ప మీది తార్పాయి పట్టాను లాక్కొచ్చి విమానం మీద వేశాడు. గాలికి ఆ తార్పాయి చీలికలైంది. విమానం తడవలేదు. రాగులు తడిశాయి.

మునివెంకటమ్మ గొంతు ఊరవతలికి వినిపించింది. "ఎవురో బెంగుళూరోళ్ళ గుడ్డబొమ్మ కోసం ఇంటి రాగులు తడిపినావే! నీకు బుద్ధుండాదా?"

"రాగులు తడిస్తే ఎండుతాయి మే. ఆ గుడ్డ తడిసి పాడైతే ఈ సామి ఉద్యోగం ఎండబెట్టేదానికవుతాదా?"

ఆమె గంప తీసుకుని తడిసిన రాగులు ఎత్తడానికి పోయింది. సదాశివం కూడా ఇంకో గంప పట్టుకుని ఆమె వెనకే నడిచాడు.

చింతకాయలు దిగాయి. కొట్టం ఖాళీ చేయాలి. ఊరి దారిలో కొమ్మలు కిందికి వంగి ఉండడంతో లారీ రాలేదు. ధర్మపురిలో పెన్నాగరం రోడ్డు మొదట్లో లారీ నిలిచి ఉంటుంది, అక్కడిదాకా మారెప్ప ట్రైలరే గతి. ముందు రోజు సదాశివం క్లబ్బు నుంచి ఒక కొత్త తార్పాయి తెచ్చి మారెప్ప ముందు పెట్టాడు. కొట్టానికి బాడుగ వద్దన్నావు, ఇదైనా తీసుకో అన్నాడు.

"ఇంటికొచ్చినదాన్ని కప్పినందుకు కూలి తీసుకునేదా సామీ? మా వంశంలో లేదు. దీన్ని మీ ఇంజనుకే కప్పుకో" అన్నాడు మారెప్ప. ఎంత బతిమాలినా చేయి చాపలేదు.

మరునాడు ఎక్కించారు. రెండు రెక్కలూ ట్రైలర్ రెండు పక్కలా గడ్డిలో నిలబెట్టారు. విమానం ఒంటిని వెనక్కు తిప్పి, తోకను ట్రైలర్ వెనక చివర మీదికెత్తి, పాత బొంత వేసి కట్టారు. చక్రాలు రోడ్డు మీద దొర్లుతూ వస్తాయి. కొత్త తార్పాయి ఇంజనుకు చుట్టారు. తోకకు ముందర, రెక్కల నడుమ కాస్త చోటు మిగిలింది. మారెప్ప కళ్ళు దాని మీద పడ్డాయి.

"సామీ, ఈ చోటు?"

"ఖాళీగానే ఉండాల. రెక్కకు ఏమీ తగలకూడదు."

"ఒక చింతపండు మూట?"

"వద్దన్నా."

"సగం మూట?"

"వద్దు."

"మునివెంకటమ్మ?"

"ఒక తూరి వచ్చింది చాలు!" అంది మునివెంకటమ్మ.

మారెప్ప నిట్టూర్చి ట్రాక్టరు ఎక్కాడు. సదాశివం పక్కన మడ్‌గార్డు మీద వెనక్కు తిరిగి కూర్చుని, రెక్కల మీదనుంచి చూపు తీయలేదు. ఊరి చివర ఇంటి ముందు ట్రాక్టరు ఆగింది. అది తాయమ్మ ఇల్లు.

తాయమ్మ సంగతి సదాశివం విని ఉన్నాడు. ఒంటరి మనిషి. పిడికెడు ఉప్పు బదులు తీసుకుంటే రెండు పిడికిళ్ళు తిరిగిచ్చే రకం. రెండు కళ్ళకూ పొర కమ్మింది. ధర్మపురి ఆస్పత్రిలో కళ్ళ క్యాంపు జరుగుతోంది, ఈ రోజే ఆఖరు. ఒంటరిగా బస్సెక్కి పోగల చూపు లేదు. ఎవరైనా తోడు వస్తామంటే వాళ్ళ పొద్దు పాడు చేసి రుణపడనంటుంది. మారెప్ప రెండుసార్లు పిలిచినా రాలేదు. ఖాళీ బండి కథ ఆ చుట్టుపక్కల చెల్లనిది ఆమె ఒక్కతె దగ్గరే.

"తాయమ్మక్కా! బండి ఖాళీగా పోతాండాది!"

"పోనీరా. నీ అరిష్టం మాట ఊరోళ్ళకు చెప్పు, నా దగ్గిరొద్దు."

"ఇది నా బండి మాట కాదక్కా, విమానం మాట. తోక లేస్తాండాది. పట్టుకునే మనిషి లేకపోతే దారిలోనే ఎగిరిపోతాదంట."

"రాయి పెట్టుకో."

"రాయి పెడితే గుడ్డ చినుగుతాది. మనిషయితేనే మేలని ఇంజనీరు సామి చెప్తాండాడు."

తాయమ్మ గడప మీదికి వచ్చి, మనిషి ఉన్నట్టు తోచిన దిక్కుకు మొహం తిప్పింది. "ఏమప్పా ఇంజనీరూ, ఈడు చెప్పేది నిజమా?"

ఆ తోకను రెండు తాళ్ళతో సదాశివమే కట్టాడు. తుఫానొచ్చినా లేవదు. ఆ చోటులో మనిషి కూర్చుంటే, గతుకు వచ్చినప్పుడు మోచేయి తగిలితే చాలు, గుడ్డలో బొక్క పడుతుంది. సెక్రటరీ మాట చెవిలో మోగింది. ఎదురుగా పొర కమ్మిన రెండు కళ్ళు జవాబు కోసం ఆగి ఉన్నాయి. తడిసిన రాగి కుప్ప కూడా ఆయనకు గుర్తొచ్చింది.

"నిజమేనమ్మా" అన్నాడు. "కానీ కష్టమైన పని. కూలి కూడా ఇవ్వలేము."

"కూలి అడిగినానా నేను? పనంటే పని." తాయమ్మ లోపలికి పోయి వెంటనే ఒక గుడ్డ మూటతో వచ్చింది. అది ఎప్పుడో కట్టి తలుపు వెనక పెట్టుకున్న మూట.

తాయమ్మ గడ్డిలో చతికిలబడి, రెండు చేతులతో తోకను పట్టింది. కడుపున పుట్టిన బిడ్డను కూడా అంత గట్టిగా పట్టుకుని ఉండదు. దారి పొడుగునా ఆమె ఆజ్ఞలే. మెల్లగా పో అంది. గుంత వస్తాంది అంది, ఆమెకు గుంత కనబడదు గాని ట్రాక్టరు చప్పుడు చెబుతుందట. వెనక బస్సు హారన్ కొడితే, ఇది విమానమని తెలుసుకోమని డ్రైవరును మందలించింది. అన్ని మాటలకూ సరేనంటూ నడిపాడు మారెప్ప. రెక్కల నడుమ చోటు నిండిందని ఆయన మొహం వెలిగిపోతోంది.

పెన్నాగరం దాటాక ఒక ఎత్తు దగ్గర ఆమె ఒక్క అరుపు అరిచింది.

"ఆపురా! బట్ట రాసుకుంటాండాది!"

ట్రాక్టరు ఆగింది. సదాశివం దూకి వెళ్ళి చూశాడు. ఎడమ రెక్క తాడు వదులై, రెక్క పక్కకు ఒరిగి, ట్రైలర్ తలుపు కొక్కేనికి ఆనుకుంటోంది. అక్కడ రంగు గీసుకుపోయి దారాలు కనబడుతున్నాయి. చిరగలేదు. ఇంకో రెండు గతుకులు వచ్చి ఉంటే చిరిగేది, క్లబ్బూ పోయేది, సదాశివం బతుకూ రోడ్డున పడేది. మడ్‌గార్డు మీద కూర్చుని మొత్తం దారి దాని మీదే కన్ను వేసి ఉంచినా ఆయనకు ఆ కొక్కెం కనబడలేదు.

"అమ్మా, నువ్వు లేకుంటే..." అన్నాడు, గీసుకుపోయిన చోటును వేలితో తడుముతూ.

"తోక పట్టుకోమంటే తోక ఒకటే పట్టుకునేదానికి నేనేమన్నా పని తెలీనిదాన్నా? తాడు బిగించు" అంది తాయమ్మ.

ఆస్పత్రి గేటు ముందు బండి ఆపితే ఆమె దిగనంది. విమానం లారీ ఎక్కేదాకా పని ముగిసినట్టు కాదట. ఇంక గాలి లేదన్నాడు సదాశివం. టౌనులో విమానం లేవదని మారెప్ప ప్రమాణం చేశాడు. గేటు దగ్గర జనం మూగారు.

"అట్లయితే నువ్వొచ్చి పట్టుకో. చేతులు మారినాకే దిగుతాను."

సదాశివం వెళ్ళి తోక పట్టుకున్నాడు. గట్టిగా పట్టాడా లేదా అని ఆమె తడిమి చూసి, మారెప్ప చేయి పట్టుకుని దిగింది. ఇద్దరూ లోపలికి పోయి, మారెప్ప ఒక్కడే తిరిగి వచ్చేదాకా సదాశివం ధర్మపురి జనం అందరి ముందూ ఎగరని విమానం తోక పట్టుకుని నిలబడే ఉన్నాడు. వదిలేయడానికి మనసొప్పలేదు.

తర్వాత అంతా సులువుగా జరిగింది. లారీ వాళ్ళు చేయి వేసి, గడ్డితో సహా రెక్కలు, ఒళ్ళు ఎక్కించారు. తాయమ్మను ఒకసారి చూసి ఇంటికి పోతానని మారెప్ప ఆస్పత్రికి వెళ్ళాడు. సదాశివం తాళ్ళన్నీ రెండోసారి బిగించి, రోడ్డు పక్క టీ కొట్టులో గ్లాసు అందుకున్నాడు. అప్పుడు వినిపించింది, కడకడకడమంటూ ట్రైలర్ చప్పుడు. దాని మీద ఒక పాట.

మారెప్ప వస్తున్నాడు. వెనక ట్రైలర్‌లో ఒక గడ్డిపోచ కూడా లేదు. అది ఎగిరెగిరి పడుతుంటే, చెవి వెనక బీడీ పెట్టుకుని, తల ఊపుతూ గొంతెత్తి పాడుతున్నాడు. కొట్టు పక్కన ఎవరివో ఎరువు మూటలు ఉన్నాయి, వాటి వైపు కన్నెత్తి చూడలేదు. నడుము ఏమీ విరుగుతున్నట్టు లేదు. ముద్ద దిగని మనిషిలాగా అసలే లేడు.

సదాశివం చేతిలో టీ అలాగే ఉండిపోయింది. తిట్లు తిని ట్రైలర్ ఎక్కిన కూలీలు, నడుము పాపం భయానికి మూట వేసిన చిన్నపొన్ను, ఎదురు దిక్కు తిరిగి ఇడ్లీ తిన్న ముసలాయన వరసగా గుర్తొచ్చారు. వాళ్ళెవరూ మారెప్ప దగ్గర సాయం పొందలేదు. అందరూ ఆయనకే సాయం చేశామనుకుని దిగిపోయారు. తాత ఆ మాట చెప్పి ఉండడని సదాశివానికి అప్పుడర్థమైంది.

"మారెప్పన్నా! ఆపు!"

పాట నడుమ తెగింది. మారెప్ప బ్రేకు తొక్కి, సదాశివాన్ని చూసి, మెల్లగా వెనక్కు తిరిగి తన ట్రైలర్‌నే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"అడడా, ఖాళీగా వస్తాండాదే సామీ. చూసుకోలే."

"అరిష్టం గదా?"

"అరిష్టమే."

"తాయమ్మ ఎట్లుండాది?"

"చేర్చుకున్నారు. రేపు కోస్తారంట. ఇంటికి పంపే దినం నేనే వస్తాను."

"అప్పుడు విమానం ఉండదే. ఏం చెప్పి ఎక్కిస్తావు?"

మారెప్ప చెవి వెనక బీడీ సర్దుకున్నాడు. "నాకు కండ్లు సరిగ్గా కనపడలే, నువ్వు ముందర కూర్చుని దారి చూపియ్యక్కా అంటాను."

సదాశివం లారీ దగ్గరికి పోయి, ఇంజనుకు చుట్టిన కొత్త తార్పాయి విప్పి, భుజాన వేసుకుని వచ్చాడు. నిన్నటిలా తీసుకోమని బతిమాలలేదు.

"అన్నా, నువ్వే నాకొక సాయం చెయ్యాల. పడిపోయిన విమానానికి కప్పిన తార్పాయిని మళ్ళీ క్లబ్బు గడప దాటించకూడదు, పెద్ద అరిష్టం. దీన్ని యాడ పారేసేదో తెలీక తల కొట్టుకుంటాండాను. నీ బండి ఎట్లాగూ ఖాళీగా ఉండాది కదా అని..."

మారెప్ప తార్పాయిని చూశాడు. సదాశివాన్ని చూశాడు.

"ఎవురు చెప్పినారు సామీ?"

"మా తాత."

"మీ తాత కాలానికే విమానాలుండెనా?"

"మా తాత తానుగా ఒక మాట కూడా చెప్పేవాడు కాదన్నా. పెద్దోళ్ళు చెప్పిందే చెప్పేవాడు."

మారెప్ప మీసం ఒక పక్క కొంచెం కదిలింది. గట్టిగా పళ్ళు బిగబట్టి దాన్ని ఆపాడు.

"పెద్దోళ్ళే చెప్పినాక ఇంకేం చేసేది. వెయ్యి సామీ, నా తలరాత."

సదాశివం తార్పాయిని ట్రైలర్ నడుమ పరిచి, ఎగిరిపోకుండా మూలలు కట్టాడు. మారెప్ప బరువు మోస్తున్నవాడి మొహం పెట్టుకుని ట్రాక్టరు కదిలించాడు. మలుపుదాకా ఆ మొహంతోనే పోయాడు. మలుపు తిరిగి కనుమరుగయ్యాక పాట మళ్ళీ మొదలైంది, ఆపిన చోటునుంచే.